సుంకేసుల నుంచి మైలవరం దాకా, ఈక ఎరతో

ఫ్లై ఫిషింగ్, అంటే ఈకలతో కట్టిన ఎరతో చేపలు పట్టడం, కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ నీటి ఒడ్డుకు పోయినా ముందు వెనక్కి తిరిగి చూడాలి. వెనక కనీసం ముప్పై నలభై అడుగులు ఖాళీ ఉందా, చెట్టో కరెంటు తీగో అడ్డముందా? ఈ సంగతి నాకు సుంకేసుల దగ్గర ఒక తుమ్మచెట్టు నేర్పింది. ఒక్క పొద్దులో మూడు ఎరలు దాని కొమ్మల్లోనే ఉండిపోయాయి.

మామూలు గాలంలో సీసం గుండు బరువుకి దారం వెంట పోతుంది. ఇందులో ఎర అంటే చిన్న కొక్కేనికి చుట్టిన నాలుగు ఈకలు, కాస్త దారం. దానికి బరువే ఉండదు. అందుకే లైన్‌నే, అంటే విసిరే తాడునే, లావుగా, బరువుగా తయారుచేస్తారు. ఆ లైన్‌ను రాడ్‌తో వెనక్కి విసిరి, అది గాలిలో పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. ఆ ఆగడమే అసలు విద్య. గడియారంలో పది, రెండు అంకెల మధ్యే రాడ్ ఆడాలి. తొందరపడితే కొరడా ఝళిపించినట్టు టప్‌మని చప్పుడొస్తుంది. చూసుకుంటే దారం కొసన ఎర ఉండదు.

తొమ్మిది అడుగుల రాడ్, 5 నంబరు (లైన్ బరువును చెప్పే అంకె), నీటిపై తేలే లైన్. మొదలుపెట్టడానికి ఇది చాలు. రాడ్ నంబరు, లైన్ నంబరు ఒకటే కావాలి. నేను సెట్టుగా ఆన్‌లైన్‌లో కొంటే 5 నంబరు రాడ్‌తో 8 నంబరు లైన్ పంపారు. పది రోజుల పాటు తప్పు నా చేతిదే అనుకున్నాను. తెలిశాక మార్చమంటే, రీల్‌కి చుట్టేశారు కాబట్టి కుదరదన్నారు. డబ్బా మీద నంబరు చూశాకే చుట్టండి. ఆ తర్వాత కర్నూలులో ఒక కాలేజీ గ్రౌండులో కొక్కెం బదులు ఎర్ర ఊలు ముక్క కట్టి, మూడు వారాలు రోజూ పొద్దున అరగంట విసిరాను. నీళ్ల దగ్గర నేర్చుకోవడం కన్నా ఇది మేలు. చేప ధ్యాస ఉండదు, చెయ్యి మీదే మనసు ఉంటుంది.

సుంకేసుల కర్నూలుకు పాతిక ముప్పై కిలోమీటర్లు. తుంగభద్ర మీద ఈ బ్యారేజీ దగ్గరే కేసీ (కర్నూలు-కడప) కెనాల్ మొదలవుతుంది. పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు, బస ఖర్చు లేదు. నేను నిలబడిన ఒడ్డు మాత్రం బండలు, ముళ్లకంపలు. కొత్తవాళ్లకి కష్టం. గేట్లు, కాలువ తూముల దగ్గరికైతే ఎవరూ పోకూడదు. అక్కడ నీళ్లు ఎప్పుడు వదులుతారో మనకు తెలియదు.

డిసెంబరులో మేనమామతో కలిసి కారులో బయల్దేరాను. మామ నలభై ఏళ్లుగా వానపాముతో గాలం వేసే మనిషి. "ఏం అల్లుడూ, ఈకల్ని ఏ చేప తింటుంది? వానపాము పెట్టుకో," అని దారి పొడవునా అంటూనే ఉన్నాడు. బనగానపల్లెలో ఉగ్గాని బజ్జి తిని, అవుకు జలాశయం చేరేసరికి తొమ్మిదిన్నర. అప్పటికే ఆలస్యం. కొండల మధ్య నీళ్లు ఎంతో బాగున్నాయి గానీ, గాలి లేచింది. గాలి ఎదురైతే కొత్త చేయి ఏమీ చేయలేదు. విసిరిన ఎర మళ్లీ మన మీదికే వస్తుంది. అలా వచ్చి మామ చొక్కా భుజానికి గుచ్చుకుంది. కొక్కేనికి ఉండే ఎదురుముల్లును పట్టకారుతో ముందే నొక్కేశాను కాబట్టి ఒక్క లాగుకే వచ్చేసింది. ఆ పని ఇంట్లోనే చేసుకోండి, కళ్లద్దాలూ టోపీ లేకుండా రాడ్ ఎత్తొద్దు. అవుకు కుటుంబంతో పోవడానికి మంచి చోటు, దగ్గర్లోనే బెలూం గుహలు కూడా ఉన్నాయి.

గండికోటలో రాత్రి టెంటులో ఉన్నాం. పెన్నా లోయ మీద సూర్యోదయం చూసి తీరాల్సిందే. చేపల కోసమైతే అక్కడికి పోనక్కర్లేదు. నీళ్లు ఎక్కడో కింద, రాళ్లు పట్టుకుని దిగడం ప్రమాదం. పైగా పక్క టెంట్లవాళ్లు అర్ధరాత్రి దాటేదాకా పాటలు పెట్టారు. నిద్ర కావాలంటే పర్యాటక శాఖ హరిత హోటల్లో గది ముందే బుక్ చేసుకోవడం మంచిది. మర్నాడు జమ్మలమడుగులో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రం, వేడినీళ్లు వచ్చాయి. ఐదింటికి గేటు తీస్తామని మాటిచ్చారు, ఆరుంపావుకి తీశారు. చేపలు పట్టేవాడికి ఆ గంటంపావే ముఖ్యం. గది తీసుకునేటప్పుడే గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడిగి, ఆ మనిషితోనే మాట్లాడండి.

మైలవరం జలాశయం దగ్గర మాత్రం నా మనసు నిలిచిపోయింది. నీళ్లు కాస్త తగ్గి, ఒడ్డున నేల చదునుగా బయటపడింది. వెనక ఒక్క చెట్టు లేదు. రిజర్వాయర్లలో చేపల వేటకు మత్స్యశాఖ లైసెన్సులుంటాయి, అది అక్కడివాళ్ల బతుకుతెరువు. అందుకని ముందు పుట్టిలో వలలు తీస్తున్న పెద్దాయన దగ్గరికి పోయి అడిగాం. మా రాడ్ చూసి నవ్వి, "వలల జోలికి రావద్దు నాయనా, ఆ మూలకి పోండి. జిలేబి చేపలు గుంతలు తీసుకున్నాయి," అని చేయి చూపించాడు.

మోకాలి లోతు నీళ్లలో పళ్లెం అంత గుండ్రటి గుంతలు కనబడ్డాయి. జిలేబి (తిలాపియా) మగచేప అలా మట్టిని తవ్వి కాపలా కాస్తుంది, లోపలికి వచ్చినదాన్ని ఊరుకోదు. కొత్తవాళ్లకి ఇంతకన్నా మంచి చేప లేదు. పూసకట్టిన చిన్న నల్ల ఎరను ఎంచుకుని, ముడిని ఉమ్మితో తడిపి బిగించాను. ఎండుగా బిగిస్తే దారం వేడెక్కి బలం పోతుంది. విసిరాను. వెనక లైన్ సాగేదాకా ఆగాను. ముందుకు పోయి సన్నగా విప్పుకుని, గుంతకి జానెడు అవతల పడింది. మునగనిచ్చి, ఎడమచేత్తో బెత్తెడు బెత్తెడు లాగాను. మూడో లాగుకి లైన్ ఆగిపోయింది. తర్వాత వేళ్ల మధ్య దడదడమని కొట్టుకుంది.

అరచేయంత చేప. మామ నీళ్లలోకి దిగి రెండు చేతుల్తో పట్టుకుని, దవడకి గుచ్చుకున్న ఈకను చాలాసేపు చూశాడు. ఎండ ముదిరేలోపు ఇంకో నాలుగు పడ్డాయి. జిలేబి మన చేప కాదు, 1952లో మన దేశానికి తెచ్చి వదిలినది. అందుకే వాటిని తిరిగి వదలకుండా పుట్టి పెద్దాయనకి ఇచ్చేశాం. ఒక చిన్న కొర్రమీను పడితే మాత్రం చేతులు తడుపుకుని, కొక్కెం తీసి నీళ్లలోకి విడిచిపెట్టాను.

వానాకాలంలో మాత్రం పోవద్దు. అది రోహు, బొచ్చె గుడ్లు పెట్టే కాలం. పైగా జూన్ నుంచి ఆగస్టు దాకా సీమలో గాలి లైన్‌ను నిలవనివ్వదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున ఆరు నుంచి తొమ్మిది మధ్య మంచి సమయం.

మొన్న మామ ఊరి నుంచి బస్సులో ఒక పొట్లం పంపించాడు. విప్పితే ఆయన పెంచే నల్లపుంజు మెడ ఈకలు, పొడుగు ప్రకారం వరసగా పేర్చి ఉన్నాయి. ఫోన్ చేస్తే, "నాకొకటి కట్టిపెట్టు అల్లుడూ, సంక్రాంతికి మైలవరం పోదాం," అన్నాడు.