కంపెనీ కౌన్సెలింగ్, 14416: మూడేళ్లు వాడాక

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీది పెద్ద కంపెనీల్లో చాలావాటిలో ఉద్యోగులకు ఉచిత కౌన్సెలింగ్ ఉంటుంది. ఈఏపీ అంటారు, అంటే ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్. సగం మందికి అది ఉన్నట్టే తెలీదు, తెలిసినవాళ్లు వాడరు, వాడినవాళ్లు బయటికి చెప్పరు. నేను మూడేళ్లకు పైగా వాడాను కాబట్టి రాస్తున్నా. ఆ సేవ అందే యాప్ పేరు, మా కంపెనీ పేరు మాత్రం అడక్కండి. 14416 అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ సంగతి చివర్లో చెప్తా.

నాది ప్రొడక్షన్ సపోర్ట్, అంటే నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగిపోతే సరిచేసే పని. వారం విడిచి వారం ఆన్‌కాల్. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి లాప్‌టాప్ తెరవాలి. కొన్నాళ్లకి ఫోన్ మోగకపోయినా రెండున్నరకల్లా మెలకువ వచ్చేసేది, గుండె దడ, చేతులు చల్లబడిపోవడం. ఈసీజీ తీయిస్తే నార్మల్. "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని డాక్టరు పంపేశాడు. తగ్గించుకోవడం ఎలాగో చెప్పేవాళ్లెవరన్నా ఉన్నారా అని వెతుకుతుంటే, ఆఫీసు ఇన్సూరెన్స్ పీడీఎఫ్ చివరి పేజీల్లో దీని గురించి రెండు లైన్లు కనిపించాయి.

మంచి ముందు చెప్తా. అపాయింట్‌మెంట్ రెండు రోజుల్లో దొరికింది, రూపాయి ఖర్చు లేదు. మొదట పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నలు నింపమంటారు: గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, దేనిమీదా ఆసక్తి లేకుండా ఉందా, ఇలాంటివి తొమ్మిది. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27కి లెక్క. దాంతోనే జబ్బు తేలిపోదు గానీ, నాలుగు నెలల తర్వాత మళ్లీ నింపితే తేడా కాగితం మీద కనిపిస్తుంది. "ఇప్పుడు నయమేనా?" అని ఎవరైనా అడిగితే నాకైతే ఏం చెప్పాలో తెలిసేది కాదు, కాబట్టి ఆ అంకె పనికొచ్చింది.

ధ్యానం చెయ్యండి, పాజిటివ్‌గా ఉండండి అంటారనుకుని కూర్చుంటే, మొదటి కౌన్సెలర్ ఆ మాటలేవీ ఎత్తలేదు. ఆవిడ నేరుగా నిద్ర పట్టుకుంది. మంచమెక్కిన ఇరవై నిమిషాలకి నిద్ర పట్టకపోతే లేచి హాల్లో కూర్చోవాలి, ఫోన్ ముట్టుకోకూడదు, కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ మంచం మీదికి. రాత్రి ఎంతసేపు పడుకున్నా పొద్దున లేచే టైం మాత్రం మారకూడదు, ఆదివారమైనా సరే. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టాలి. మొదటి వారం నరకం, మీటింగుల్లో కునికిపాట్లు. రెండో వారం చివరికొచ్చేసరికి మూడున్నర దాకా ఏకబిగిన పడుకున్నా. అప్పుడప్పుడే దారిలో పడుతున్నా అనుకునేసరికి సెషన్లు అయిపోయాయి.

అసలు గోడు ఇక్కడుంది. ఏడాదికి ఆరే సెషన్లు. ఏడాది తిరిగాక మళ్లీ బుక్ చేస్తే ఖాళీగా ఉన్న ఇంకెవరినో ఇస్తారు, పాతావిడ కావాలని ఎంచుకునే వీలు ఆ యాప్‌లో లేదు. కథంతా మళ్లీ మొదటినుంచి చెప్పాలి. కొత్తాయనకి తెలుగు రాదు. ఆయన తప్పేం లేదు గానీ, మా నాన్న పోయిన సంగతి ఇంగ్లీషులో చెప్తుంటే స్టేటస్ రిపోర్ట్ చదువుతున్నట్టుండేది. తర్వాత మా కంపెనీ, ఈ సేవ అందించే వెండర్‌నే మార్చేసింది. పాత యాప్‌లో నా నోట్సు, స్కోర్లు అన్నీ దాంతోపాటే పోయాయి. నన్నడిగితే ఈ సేవల్లో మొదటిసారి తలుపు తీయడం దగ్గర పెద్ద లోపం లేదు. రెండోసారి వెళ్తే గుర్తుపట్టే మనిషి ఉండడు, అదీ బాధ. ఐదుకి మూడు ఇస్తా.

మేనేజర్‌కి తెలిసిపోతుందా అన్నది అందరి భయం. నాకు తెలిసి ఎవరి పేరూ బయటికి పోలేదు. హెచ్ఆర్‌కి వెళ్లేది ఈ మూడు నెలల్లో ఎంతమంది వాడారనే మొత్తం లెక్కే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది, ప్రాణం మీదికొచ్చే పరిస్థితి లాంటివాటికి మాత్రం మినహాయింపులున్నాయి. అయినా ఆఫీసు లాప్‌టాప్‌లో, ఆఫీసు మెయిల్‌తో లాగిన్ కాకండి, సొంత ఫోన్ వాడండి. ఇంకో చిక్కు, ఎక్కడ కూర్చుని మాట్లాడాలి? మారతహళ్లిలో త్రీ షేరింగ్ పీజీలో ఉండే మా టీమ్ పిల్లలు మేడమీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి మాట్లాడతారు, అక్కడా ఎవరో బట్టలు ఆరేయడానికి వస్తారు. ఆఫీసులో తలుపున్న చిన్న గది ఒకటి దీనికోసం కేటాయిస్తే ఏ వెల్‌నెస్ వెబినార్ కన్నా మేలు. (ఆ వెబినార్లు కూడా సరిగ్గా పని నెత్తి మీదుండే రిలీజ్ వారంలోనే పెడతారు, ఎవరి ఐడియానో.)

ఇన్సూరెన్స్ మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి. మానసిక జబ్బుని శారీరక జబ్బుతో సమానంగా చూడాలని ఆ చట్టమే బీమా కంపెనీలకి చెప్పింది, నిజమే. కానీ చాలా పాలసీలు ఆస్పత్రిలో అడ్మిట్ అయితేనే కడతాయి. వారం వారం వెళ్లే థెరపీ ఓపీడీ (అడ్మిట్ కాకుండా చూపించుకోవడం) కిందికొస్తుంది, ఓపీడీ కవర్ లేకపోతే జేబులోంచే. నేను ఇప్పుడు జయనగర్‌లో ఒకావిడ దగ్గరికి సొంత డబ్బుతో వెళ్తున్నా, మూడు వారాలకోసారి. వెళ్లేముందు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని చూసుకున్నా, ఎందుకంటే వారాంతం కోర్సు చేసి కౌన్సెలర్ అని బోర్డు పెట్టినవాళ్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు.

ఇక 14416. దీన్ని నేను నా కోసం వాడలేదు. మా ఫ్లోర్ పాంట్రీలో టీ ఇచ్చే అక్కది మదనపల్లె వైపు. ఆమె తమ్ముడు మా టెక్ పార్కు గేటు దగ్గరే సెక్యూరిటీ. ఇద్దరూ కాంట్రాక్టు మనుషులు, మా యాప్‌లో వాళ్లకి లాగిన్ ఉండదు. "మేడం, వాడు అన్నం తినడం లేదు, ఊరికి పోతానంటాడు, ఊర్లో ఎవురున్నారని పోతాడు" అని ఒకరోజు కప్పులు తీస్తూ చెప్పింది. ఆ ఆదివారం వాళ్ల గదిలో స్పీకర్ పెట్టి చేశాం. టెలి మానస్ అంటారు దీన్ని, 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, 20 భాషల్లో తెలుగూ ఉంది. వెనకుండి నడిపేది నిమ్హాన్స్, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ. అవతలి అమ్మాయి ముందు ఎన్నాళ్లుగా ఇలా ఉంది, మందు తాగుతావా అని అడిగింది. తర్వాత, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. అక్క ఉలిక్కిపడింది. అతను మాత్రం తల వంచుకుని "అప్పుడప్పుడు" అన్నాడు. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించమని గట్టిగా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్‌కి వెళ్లారు. అక్కడ క్యూలో అనంతపురం, చిత్తూరు వైపు తెలుగు వినిపిస్తుంటే అక్కకి కాస్త ధైర్యమొచ్చిందట. మందులు మొదలయ్యాయి. ఇప్పుడతను సొంత ఊళ్లోనే ఉండి, అక్కడి ప్రభుత్వాస్పత్రిలో నిమ్హాన్స్ చీటీ చూపించి మందులు తెచ్చుకుంటున్నాడు. దగ్గర్లోనే చికిత్స అనే ఈ పద్ధతిని 1980ల్లో నిమ్హాన్స్ వాళ్లు పరీక్షించి చూసింది బళ్లారి జిల్లాలో, మామూలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకే శిక్షణ ఇచ్చి. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంగా దేశంలోకి వచ్చింది అదే. అయినా 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదని తేలింది. ఆ లెక్కలో అక్క తమ్ముడు లాంటివాళ్లు ఎంతమందో.

14416కి నాలుగున్నర ఇస్తా. ఒక్క ఫోనుతో అయిపోతుందనుకుంటే మాత్రం కుదరదు, చెప్పిన చోటికి తీసుకెళ్లే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

మా యాప్ కాంట్రాక్టు ఏప్రిల్‌లో రెన్యూవల్‌కి వస్తుంది. పాంట్రీ, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్లని కూడా చేర్చండి, ఒకే కౌన్సెలర్‌ని కొనసాగించే వీలు పెట్టండి, కనీసం 14416 కాగితం గేటు దగ్గర తెలుగు, కన్నడ, హిందీల్లో అంటించండి అని హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టా. మొదటి రెండూ వెండర్‌ని అడగాలన్నారు. మూడోదానికి ఫెసిలిటీస్ పర్మిషన్ కావాలట, ఆ టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది.