గవర్నర్‌పేట మెకానిక్స్ సెట్: బలాలకు భేష్, చలనానికి చాలదు

విజయవాడ గవర్నర్‌పేటలో ల్యాబ్ సామాను అమ్మే ఒక షాపులో ఇంటర్ ఫస్టియర్ పిల్లల కోసం పెట్టిన సెట్ ఇది. నిలువు చెక్క బోర్డు, పై అంచుకు బిగించే రెండు కప్పీలు, మూడు హ్యాంగర్లు, 50 గ్రాముల గాడి బిళ్లలు, 5 న్యూటన్ల స్ప్రింగ్ త్రాసు, మీటరు పొడవు వాలుపలక, ఒక చెక్క దిమ్మ, ఉక్కు గోళీ, ప్రయోగాల చిన్న పుస్తకం వస్తాయి. ఇందులో బోర్డు, కప్పీల భాగం కోసమే ఈ సెట్ కొనొచ్చు. రెండు దారాలను చెరో కప్పీ మీదుగా వేసి బయటి చివర్లకు హ్యాంగర్లు కట్టి, లోపలి చివర్లను మధ్యలో ముడివేసి, ఆ ముడికి మూడో హ్యాంగర్ వేలాడదీస్తారు. రెండు బలాలు కలిస్తే వచ్చే ఫలితం వాటి మధ్య కోణాన్ని బట్టి మారుతుందని పిల్లలకు కంటితో చూపించడానికి ఇంతకంటే సూటి పరికరం లేదు.

కొనేముందు కౌంటర్ దగ్గరే కప్పీలు పరీక్షించండి. ఒక కప్పీ మీదుగా దారం వేసి రెండు వైపులా 100 గ్రాములు వేలాడదీయండి. ఒకవైపు గ్రాము చొప్పున పెంచుతూ పోతే 1, 2 గ్రాములకే కదలాలి. 5 గ్రాములు పెట్టినా కదలకపోతే ఆ కప్పీ వద్దు. ఇరుసు దగ్గర ఘర్షణ ఉంటే దారంలో తన్యత (దారం లాగే బలం) కప్పీకి రెండు వైపులా ఒకేలా ఉండదు. అంటే మనం వేలాడదీసిన బరువు ఒకటి, ముడి దగ్గర లాగే బలం మరొకటి. బాల్ బేరింగ్ కప్పీలు అడిగి తీసుకోండి, కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. మామూలువైతే ఇరుసుకు ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరినూనె మాత్రం వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది.

బోర్డు నిట్టనిలువుగా ఉందో లేదో దారానికి గుండు కట్టి చూడండి. దారాలు, హ్యాంగర్లు బోర్డుకు తగలకూడదు. మధ్య ముడిని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి లాగి వదిలితే రెండుసార్లూ ఒకేచోట ఆగాలి. దారం స్థానాన్ని కాగితం మీద గుర్తించేటప్పుడు దాని వెనక అద్దం ముక్క పెట్టి, దారమూ దాని ప్రతిబింబమూ ఒకటిగా కనిపించినప్పుడే చుక్క పెట్టాలి. ఆ అద్దం ముక్క సెట్‌లో లేదు, విడిగా తెచ్చుకోవాలి.

పిల్లలు ఎక్కువగా తప్పేది హ్యాంగర్ బరువు దగ్గర. ఈ హ్యాంగర్ ఒక్కోటీ 50 గ్రాములు. పక్కల 100, 150, మధ్యలో 200 గ్రాముల బిళ్లలు వేస్తే అసలు బలాలు 150, 200, 250 గ్రాముల భారాలు. పక్క దారాల మధ్య కోణం సరిగ్గా 90 డిగ్రీలు వస్తుంది. రెండు పక్క బలాలను భుజాలుగా గీస్తే కర్ణం వాటి ఫలిత బలం అన్నది సమాంతర చతుర్భుజ నియమం. హ్యాంగర్‌ను మరిచి 100, 150లతో గీస్తే కర్ణం 180 దగ్గర ఆగుతుంది, 200 రాదు. అప్పుడు నియమాన్నే అనుమానిస్తారు పాపం. పుస్తకంలో స్కేలు 1 సెం.మీ.కి 50 గ్రాములు అని ఇచ్చారు. అది చాలా చిన్నది, 1 మి.మీ. గీత తప్పితే 5 గ్రాములు పోతాయి. 20 గ్రాములకు 1 సెం.మీ. తీసుకుంటే భుజాలు 7.5, 10, కర్ణం 12.5 సెం.మీ. హాయిగా వస్తాయి. ఇంకో సంగతి: మధ్యలో కిందికి వేలాడే బరువు ఫలిత బలం కాదు, దాన్ని సమం చేసే బలం. ఫలిత బలం అంతే పరిమాణంతో నిట్టనిలువుగా పైకి ఉంటుంది. పుస్తకంలో బొమ్మకు బాణం గుర్తే లేదు, టీచర్లు గీసి చూపించాలి.

వాలుపలకతో ఒక మంచి ప్రయోగం చేయొచ్చు. 200 గ్రాముల దిమ్మ భారం 1.96 న్యూటన్లు. 30 డిగ్రీల వాలు మీద, వాలు వెంబడి అంశం (భారంలో ఆ దిశగా లాగే భాగం) 0.98, పలకకు లంబంగా 1.70. త్రాసుతో మెల్లగా, ఒకే వేగంతో పైకి లాగితే ఘర్షణ కలిసి ఎక్కువ చూపిస్తుంది, అలాగే కిందికి వదిలితే తక్కువ చూపిస్తుంది. రెండింటి సగటు 0.98 రావాలి, తేడాలో సగం ఘర్షణ బలం. త్రాసు సున్నాను మాత్రం అదే వాలులో పట్టుకుని సరిచేయాలి, నిలువుగా సరిచేసిన సున్నా అక్కడ పనికిరాదు.

చలనం భాగం నిరాశపరిచింది. గోళీ త్వరణం g సైన్‌ θ అని పుస్తకంలో రాశారు (g అంటే గురుత్వ త్వరణం, θ అంటే వాలు కోణం). అది ఘర్షణ లేకుండా జారే వస్తువుకు. జారకుండా దొర్లే ఘనగోళానికి అందులో 5/7 వంతే, ఎందుకంటే కొంత శక్తి గోళీ తిరగడానికి పోతుంది. పుస్తకం చెప్పినట్టు లెక్క కడితే g విలువ 9.8 బదులు 7 వస్తుంది. పైగా స్టాప్‌వాచ్ వాడమన్నారు. పలక ఒక చివర 8.7 సెం.మీ. ఎత్తితే వాలు 5 డిగ్రీలు, గోళీ మీటరు దూరం దాదాపు 1.8 సెకన్లలో దిగిపోతుంది. వేలు నొక్కడంలో 0.2 సెకను తప్పితే త్వరణంలో 20 శాతానికి పైనే తేడా. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టడం నయం. సెకనుకు 240 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేము 0.004 సెకను. గోళీకి బదులు తేలికపాటి చక్రాల ట్రాలీ తీసుకుంటే 5/7 ఇబ్బంది చాలావరకు తప్పుతుంది. చక్రాల బరువు మొత్తం బండిలో ఎంత తక్కువైతే అంత మంచిది.