దాదాపు యాభై ఏళ్ల సీసాని తుడిచి మెరిపించారు: జూబ్లీహిల్స్‌లో ఒక పోర్ట్ సాయంత్రం

ముందే చెప్పేస్తాను. నాలుగు పోర్ట్ వైన్ సీసాల్లో రెండు అద్భుతం, ఒకటి బాగుంది, ఒకటి సింకులో పోశాం. రెస్టారెంట్‌కి అయిదుకి రెండు, ఆ రెండూ కూడా వంటవాళ్ల పుణ్యమే. పేరు రాయను, ఎందుకంటే తప్పు ఆ వెయిటర్ కుర్రాడిది కాదు, అతనికి ఎవరూ ఏమీ చెప్పకపోవడం అసలు తప్పు, ఆ మాట మేనేజర్‌కి మొహం మీదే చెప్పి వచ్చాను.

పోర్ట్ అనగానే మనవాళ్లకి గోవా గుర్తొస్తుంది. మా బావమరిదికి ఫోన్ చేసి రమ్మంటే, "ఆ తియ్య వైనా బావా, గోవా నుంచి వస్తూ సంచిలో వేసుకొచ్చేది, దానికి మనిషికి ఏడున్నర వేలా" అని నవ్వి పెట్టేశాడు. పేరు ఒకటే గానీ సరుకు వేరు. అసలు పోర్ట్ పోర్చుగల్‌లో డోరో నది లోయ ద్రాక్షతోనే చేస్తారు, ఆ ప్రాంతానికి 1756లోనే హద్దులు గీశారు. ద్రాక్షరసం పులుస్తూ ఇంకా తీపి మిగిలి ఉండగానే 77 శాతం బలమున్న ద్రాక్ష సారా కలిపేస్తారు, దాంతో ఈస్ట్ చచ్చిపోయి పులవడం ఆగిపోతుంది, తీపి తీపిగానే ఉండిపోతుంది, ఆల్కహాల్ 20 శాతం దాకా చేరుతుంది. పొద్దున్నే దించిన తాటికల్లు మధ్యాహ్నానికి పులిసిపోతుంది కదా, ఆ పొద్దుటి తీపిని అక్కడే పట్టి ఆపేస్తే ఎలా ఉంటుందో అలా అనుకోండి.

అందులోనూ ఒకే ఏడాది పంటతో చేసే వింటేజ్ పోర్ట్ ప్రతి ఏడూ రాదు. పంట బాగా కుదిరిందని నమ్మకం కుదిరిన ఏడాదే కంపెనీలు ప్రకటిస్తాయి, పదేళ్లలో మూడు నాలుగుసార్లు. రెండేళ్లు పీపాల్లో ఉంచి, వడగట్టకుండానే సీసాల్లోకి ఎక్కించేస్తారు. ఇక ఊరడమంతా సీసాలోనే, ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు, కొన్నయితే యాభై దాటి కూడా. అందుకే లోపల మడ్డి పేరుకుంటుంది. మా సాయంత్రం సగం ఆ మడ్డి దగ్గరే పోయింది.

మేం తొమ్మిది మందిమి, అందరం యాభైకి అటూ ఇటూ, మామూలుగా ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటాం. ఈ సీసాలు మాలో ఒకాయన అన్నగారు లండన్ నుంచి తెచ్చారు, అదీ రెండు ట్రిప్పుల్లో, డ్యూటీ ఫ్రీ లెక్క మనిషికి రెండు లీటర్లు కాబట్టి ఒకసారికి రెండు సీసాలే. తెచ్చాక మూడు నెలలు కోకాపేటలో ఆయన ఫ్లాట్‌లో వైన్ ఫ్రిజ్‌లో పడుకోబెట్టాం, విమానంలో కుదుపులకి కలిసిన మడ్డి మళ్లీ తేరుకోవాలని. ఇంత జాగ్రత్తపడి, చివర్లో "ఈసారి ఇంట్లో గిన్నెలు కడిగే పని వద్దురా, బయట కూర్చుందాం" అన్న ఒక్క మాటకి పడిపోయాం. ఆ మాట అన్నది నేనే, ఒప్పుకుంటున్నాను.

రెస్టారెంట్ వాళ్లు సీసాకి వెయ్యి చొప్పున కార్కేజీ, అంటే మన సీసా మనం తెచ్చుకున్నందుకు కట్టే రుసుము, తీసుకుని పైన విడిగా ఒక గది ఇచ్చారు. గది బాగుంది, వెలుతురు బాగుంది, పాటల గోల లేదు. ముందురోజే సీసాలు తీసుకెళ్లి, వీటిని నిలబెట్టి ఉంచండి, ఏసీ ఉన్న చోట పెట్టండి, ఎవరూ ముట్టుకోకండి అని నాలుగుసార్లు చెప్పాం. తీరా వెళ్లేసరికి కిచెన్ పక్కన అలమరలో ఉన్నాయి. పాతికేళ్ల పైబడిన పోర్ట్‌ని 16 నుంచి 18 డిగ్రీల్లో తాగాలి, హైదరాబాద్ ఏప్రిల్‌లో కిచెన్ పక్క అలమర అంటే ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. ఐస్ బకెట్‌లో కాసేపు ఉంచి ఎలాగో దారికి తెచ్చాం.

అసలు దెబ్బ అది కాదు. ఈ పాత సీసాల మీద ఒక పక్కన సున్నం చిమ్మినట్టు తెల్ల మరక ఉంటుంది. వైన్ దాచే నేలమాళిగలో పడుకోబెట్టినప్పుడు ఏ వైపు పైకి ఉందో తెలియడానికి వేసే గుర్తు అది, మళ్లీ ఎప్పుడు కదిపినా ఆ మరకే పైకి ఉండాలి, అప్పుడు మడ్డి అవతలి వైపున కదలకుండా ఉంటుంది. పాపం ఆ కుర్రాడు అది దుమ్మనుకున్నాడు. వారె అనే కంపెనీ 1977 సీసాని తడి గుడ్డతో అటు తిప్పి ఇటు తిప్పి రుద్ది, తళతళలాడించి, నవ్వుతూ తెచ్చి మా ముందు పెట్టాడు. లైటుకి పెట్టి చూస్తే లోపల అంతా బురద. మా డాక్టర్‌గారు రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చున్నారు.

మళ్లీ గంటంపావు నిలబెట్టాం. ఒక రోజు పని గంటంపావులో ఏం అవుతుంది గానీ, ఇంకేం చేస్తాం. దాని కార్కు మామూలు స్క్రూతో లాగితే రెండు ముక్కలై సగం లోపలికి పోయింది. ఇంత పాత కార్కులకి వేరే పద్ధతి ఉంది, ఇనప పటకారుని ఎర్రగా కాల్చి సీసా మెడకి పట్టించి, వెంటనే తడిగుడ్డ చుట్టేస్తే మెడ నున్నగా తెగుతుంది. మాలో ఒకాయనకి అది ఎప్పటినుంచో సరదా, కిచెన్‌లోంచి పటకారు తెస్తానని లేచాడు కూడా, పట్టుకుని కూర్చోబెట్టాం. చివరికి గంజి వార్చినట్టు నెమ్మదిగా, మెడ కింద ఫోన్ టార్చి పెట్టుకుని, మల్లు గుడ్డలోంచి డికాంటర్ అనే గాజు కూజాలోకి వంపాం. మడ్డి మెడ దాకా వచ్చినప్పుడు ఆపేయాలి. మామూలుగా అడుగున రెండు వేళ్లు వదిలేస్తాం, ఇక్కడ దాదాపు పావు సీసా వదిలేయాల్సి వచ్చింది.

అయినా ఆ వారె 1977 ఏమైనా వైనా. రంగు దాదాపు టీ డికాషన్‌లా పలచబడి పోయింది, అంచులో ఇటుక రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండిన గులాబీ, నారింజ తొక్క, ఎక్కడో వెనకాల చార్మినార్ దగ్గర అత్తరు దుకాణం ముందు నుంచి నడిచినట్టు ఒక వాసన. తీపి ఉంది గానీ పంచదార తీపి కాదు, బాగా మాగిన ఖర్జూరం తీపి, మింగాక కూడా నాలుక మీద ఉండిపోతుంది. నా లెక్కలో ఆ రాత్రికి మొదటి స్థానం దీనిదే, ఆ మడ్డి గొడవ లేకపోతే ఇంకెలా ఉండేదో అన్న బాధ మాత్రం పోలేదు.

గ్రేమ్స్ 1985 ఎక్కువమందికి నచ్చింది, ఎందుకో తెలుసు, ఆ కంపెనీ పోర్ట్ ఎప్పుడూ కొంచెం తీపి వైపు ఉంటుంది, అంజీర్, చాక్లెట్, నిండుగా, ఏ వంకా లేదు. నాకు బాగుంది, అంతే. టేలర్స్ 1994 వేరే కథ. ఫొన్సెకా అనే ఇంకో కంపెనీ 1994తో కలిపి వైన్ స్పెక్టేటర్ పత్రిక 1997లో మొదటి స్థానం ఇచ్చింది దీనికే. గ్లాసులో నేరేడు పండు రంగు ఇంకా అలాగే ఉంది, వగరు ఇంకా పళ్లకి పడుతుంది, ముప్పై ఏళ్ల వయసున్నా ఇంకా కుర్రతనం పోలేదు. తెరిచిన అరగంటకి ముడుచుకునే ఉంది, రెండు గంటలకి విప్పుకుంది. తొందరపడి మొదటి గుక్కతోనే మార్కులు వేసినవాళ్లు తర్వాత దిద్దుకున్నారు.

నాలుగోది 1983, కంపెనీ పేరు వదిలేస్తున్నాను. మూత తీయగానే వానకి తడిసిన గోనెసంచి వాసన. కార్కు తెగులు, కార్కులో బూజు వల్ల పుట్టే ఒక రసాయనం చేసే పని అది, ఆరోగ్యానికి ఏమీ కాదు గానీ పండు వాసనంతా చంపేస్తుంది. అంతసేపు ఉంచినా పోలేదు. పాత సీసాల బేరంలో ఇది ఉంటుంది, కోపం తెచ్చుకుని లాభం లేదు.

తిండి విషయం. కబాబ్‌లు చాలా బాగున్నాయి, వాటితో పోర్ట్ తాగకండి. మిర్చి కారం మీద 20 శాతం ఆల్కహాల్ పడితే గొంతులో మంట తప్ప ఇంకేం తెలియదు, అందుకే ముందు తినేసి, అరగంట మంచినీళ్లతో గడిపి తర్వాత మొదలుపెట్టాం. వాళ్లు మర్యాదగా ఖుబానీ కా మీఠా పంపారు, అది వైన్ కంటే తియ్యగా ఉండేసరికి వైన్ పుల్లగా, నీళ్లలా తగిలింది. బాగా కుదిరినవి మేం తీసుకెళ్లినవే, బ్లూ చీజ్, ఉప్పు వేసి వేయించిన అక్రూట్లు, ఎవరూ అనుకోనిది ఉస్మానియా బిస్కెట్. ఆ ఉప్పూ తీపీ కలిసిన రుచి గ్రేమ్స్ పక్కన అచ్చంగా దానికోసమే చేసినట్టు ఉంది, ప్లేట్ రెండుసార్లు ఖాళీ అయింది.

గ్లాసుల గురించి కూడా చెప్పాలి. బొటనవేలంత లిక్కర్ గ్లాసుల్లో అంచుదాకా పోసి ఇవ్వబోయారు. వాసన చూడటానికి చోటే లేదు. మామూలు వైట్ వైన్ గ్లాసులు అడిగి, మూడో వంతు పోయించుకున్నాం. ఇంగ్లీషువాళ్ల ఆచారంలో పోర్ట్ డికాంటర్ ఎప్పుడూ ఎడమవైపుకే సాగాలి, మా బల్ల దగ్గర మొదటి చుట్టులోనే పెద్దాయన ఒకరు "ఎడం చేత్తో ఇస్తావేంట్రా" అని కసిరారు, అప్పట్నుంచి ఎడమవైపుకి, కుడి చేత్తో.

మీరు ఎక్కడైనా ఇలా పెట్టుకోవాలనుకుంటే సీసాలు మీ ఇంట్లోనే వంపి, డికాంటర్లలోనే తీసుకెళ్లండి, ఖాళీ సీసా చూపించడానికి పక్కన పెట్టుకోవచ్చు. నలుగురికి ఒక సీసా చాలు, ఇది బలమైన సరుకు. ఇంటికి క్యాబ్‌లోనే వెళ్లండి.

మిగిలిన టేలర్స్ నాలుగు వేళ్లు నేను తెచ్చుకుని ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాడు సాయంత్రం తీస్తే ముందురోజు కంటే బాగుంది, వగరు తగ్గి లోపల దాక్కున్న పూల వాసన బయటికొచ్చింది. బావమరిది ఆ టైమ్‌కే ఏదో పని మీద వచ్చాడు. రెండు గుటకలు తాగి, ఇంకేమైనా ఉందా అన్నట్టు సీసా లైటుకి పెట్టి చూశాడు.