క్రూయిజ్ అన్నారు, ఒడ్డుకి కట్టేశారు: మా పాంటనాల్ యాత్ర

బ్రెజిల్‌లోని పాంటనాల్‌లో ఎవరైనా మీకు 'రివర్ క్రూయిజ్' అమ్మబోతే ముందు ఒకటే అడగండి: ఆ బోటు కదులుతుందా? మాకు అమ్మింది కదల్లేదు. మూడు నదుల మీద తిప్పుతామని మెయిల్‌లో రాసిచ్చి, మనిషికి రాత్రికి 480 డాలర్లు, అంటే దాదాపు 41 వేల రూపాయలు తీసుకుని, ఒడ్డున చెట్టుకి మోకుతో కట్టేసిన రెండంతస్తుల పడవలో పడుకోబెట్టారు. ఇది రాయడానికి సగం కారణం ఆ కోపం. మిగతా సగం, ఆ తర్వాత మాకు దొరికిన చిన్న అల్యూమినియం బోటు, దాన్ని నడిపిన మనిషి.

వెళ్లింది నేను, మా ఆయన, అక్క, బావగారు. బ్యాంకులో రిటైరయ్యాక బావగారు కొన్న కెమెరా, దానికి అద్దెకి తెచ్చిన పెద్ద లెన్సు ఈ యాత్రకి మూలం. ఆయనకి జాగ్వార్, అంటే చిరుతలా ఒంటినిండా మచ్చలుండే పెద్ద పిల్లిజాతి జంతువు, కావాలి. అక్కకి శుభ్రమైన బాత్రూం, కాళ్లు చాపుకునే గది కావాలి. క్రూయిజ్ అన్న మాట ఇద్దరినీ ఒప్పించింది.

హైదరాబాద్ నుంచి దోహా, అక్కడి నుంచి సావో పాలో, ఇంకో విమానంలో కుయాబా. ప్రయాణం సాఫీగా జరిగింది, చెప్పడానికేం లేదు. ఒక్కటి మాత్రం మర్చిపోకండి: బ్రెజిల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌కి పంపుతారు. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ ఆ కార్డు చెల్లదు. కాబట్టి ప్రయాణం ముందు వారంలో పరిగెత్తితే లాభం లేదు. మేం హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేయించుకున్నాం.

పాంటనాల్ అంటే అడవి కాదు, పొలం కాదు, చెరువు కూడా కాదు. ఏటా మునిగి తేలే మైదానం. బ్రెజిల్ వైపున్నదే లక్షన్నర చదరపు కిలోమీటర్లు, ఇంచుమించు మన ఆంధ్రప్రదేశ్ అంత. మిగిలింది బొలీవియా, పరాగ్వే దేశాల్లోకి పోతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా వానలు. నేలకి వాలు కిలోమీటరుకి కొన్ని సెంటీమీటర్లే కావడంతో పైన పడ్డ నీళ్లు కిందికి పోవడానికి నెలలు పడుతుంది. జూన్ తర్వాత నీళ్లు వెనక్కి తగ్గి నదులూ మడుగులూ మిగులుతాయి. జంతువులన్నీ వాటి ఒడ్డుకే చేరతాయి. ఒడ్డు మీదున్నవాటిని చూడాలంటే నీళ్ల మీదుండాలి. జాగ్వార్ కోసం వెళ్లేవాళ్లు జూలై నుంచి అక్టోబరు మధ్య వెళ్లాలి. మేం ఆగస్టులో వెళ్లాం.

కుయాబా నుంచి పోకోనే దాకా వంద కిలోమీటర్లు తారు రోడ్డు. ఆ తర్వాత ట్రాన్స్‌పాంటనేరా అనే మట్టి రోడ్డు, దాదాపు 145 కిలోమీటర్లు, దారిలో వందకి పైగా వంతెనలు. చెక్కవాటిని మార్చి కాంక్రీటువి కడుతున్నారు. 1970ల్లో కొరుంబా దాకా వేద్దామని మొదలుపెట్టి పోర్తో జోఫ్రేలో నది దగ్గర ఆపేశారు. కారుకి 1,500 బ్రెజిల్ రియల్స్ తీసుకున్నారు. మేం మార్చినప్పుడు ఒక రియల్‌కి 16 రూపాయలు పడింది కాబట్టి 24 వేలు. నిజం చెప్పాలంటే ఈ రోడ్డే సగం సఫారీ. ప్రతి వంతెన కిందా కైమన్ మొసళ్లు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి. మొదటి వంతెన దగ్గర అక్క కారు అద్దం కూడా దించలేదు. పదో వంతెన దగ్గర దిగి సెల్ఫీ తీసుకుంది. పెట్రోలు, ఏటీఎం పోకోనేతో సరి, అక్కడే చూసుకోండి.

ఇక ఆ పడవ సంగతి.

మా గది కింది అంతస్తులో, జనరేటర్ పక్కన. రాత్రంతా అది మోగుతూనే ఉంది. ఏసీ ఉంది, కానీ ఏసీ నడవాలంటే జనరేటర్ నడవాలి, జనరేటర్ నడిస్తే నిద్ర రాదు. గది మార్చమంటే పైన ఖాళీ లేదన్నారు. పైన రెండు గదులకి తాళాలు వేసి ఉండటం బావగారు చూశారు. పడవ ఎప్పుడు బయల్దేరుతుంది అని మేనేజర్ని అడిగితే, "ఇది బేస్. తిరగడానికి చిన్న బోట్లు ఉన్నాయి" అన్నాడు. మెయిల్ చూపించాం. మూడు నదుల మీద చిన్న బోట్లలో తిప్పుతాం కదా, అది అబద్ధం కాదుగా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, అదే ఇంకా మండింది.

ఆ చిన్న బోటులో పది మందిమి. నాలుగు భాషలు, ఒక గైడు. ఇద్దరిద్దరు పక్కపక్కన కూర్చునే వరసల్లో లెన్సులన్నీ ఒకే వైపు తిరిగితే వెనకున్నవాళ్లకి కనిపించేది ముందువాళ్ల టోపీలే. బావగారి కెమెరాలో ఆ రోజుల ఫొటోలు చూస్తే ఒక జర్మన్ పెద్దమనిషి గడ్డి టోపీ మీద పరిశోధనలా ఉంటుంది. ప్యాకేజీలో రోజుకి 60 కిలోమీటర్ల పెట్రోలే ఉందట. అది దాటితే మనిషికి 180 రియల్స్ అదనం. ఇది మొదటి రోజు మధ్యాహ్నం, నది మధ్యలో ఉండగా చెప్పారు. పదిమందిలో ముగ్గురు కట్టేది లేదన్నారు, దాంతో బోటు వెనక్కి తిరిగింది.

ఆడవాళ్లకి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే ఎవరూ రాయరు. చిన్న బోట్లలో టాయిలెట్ ఉండదు. పొద్దున ఆరింటికి బయల్దేరితే పదకొండు దాకా నీళ్ల మీదే. అడిగితే గైడు "ఇంకో అరగంట" అంటాడు, ఆ అరగంట రెండు గంటలవుతుంది. అక్క ఆ భయంతో మంచినీళ్లు తాగడం మానేసింది. ముప్పై ఎనిమిది డిగ్రీల ఎండలో అది ప్రమాదం. సాయంత్రానికి తలనొప్పి, వాంతి. "ఒసేయ్, ఇంత డబ్బు పోసి దాహంతో చావడానికొచ్చామా" అంది. నేనేం చెప్పను?

తిండి గురించి రెండు ముక్కలు. అక్కకి శాకాహారం అని ముందే రాశాం. బీన్స్ వడ్డించారు. అందులో ముక్కలు తేలుతున్నాయి. అడిగితే "మాంసం కాదు, సాసేజ్" అన్నారు. బ్రెజిల్‌లో వెజిటేరియన్లందరూ ఈ జవాబు వింటారట. అక్క అన్నంలో కందిపొడి కలుపుకుని తిని పడుకుంది.

జాగ్వార్ కనిపించిందా అంటే, కనిపించింది. రేడియోలో కబురొస్తే అందరూ అక్కడికే పరిగెత్తారు. ఇరవైకి పైగా బోట్లు ఒక పొద ముందు గుమిగూడాయి. పొదలో ఒక తోక, ఒక చెవి. తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాణ్ని చూడ్డానికొచ్చిన జనంలా ఉన్నాం. ఆ జాగ్వార్ పాపం నిద్రపోవాలని చూస్తోంది, మోటార్ల పొగ దాని మీదికే పోతోంది. బావగారు కెమెరా దించేశారు. రోజంతా మాట్లాడలేదు. బావగారు మాట్లాడకపోతే అక్కకి టెన్షన్, అక్క టెన్షన్ పడితే మాకందరికీ.

ఆఖరి రాత్రి డబ్బు వదులుకుని అక్కడి నుంచి బయటపడ్డాం. పోర్తో జోఫ్రే దగ్గరే ఒడ్డు మీద ఒక పోసాదా ఉంది, అంటే మన లాడ్జీ లాంటి చిన్న హోటలు. ఇద్దరికి గది, మూడు పూటల భోజనంతో కలిపి 1,100 రియల్స్. తెల్లటి సున్నం గోడలు, పరుపు గట్టిగా, ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. గుమ్మం ముందు కాపిబరాలు, అంటే పందంత ఉండే ఎలుకజాతి జంతువులు, పచ్చిక మేస్తుంటాయి. పొద్దున నీలి మకావ్ చిలకలు తాటిజాతి చెట్ల మీద ఒకటే గోల. అలారం అక్కర్లేదు.

అసలు విషయం బోటు. రోజుకి పైలట్ (బోటు నడిపే మనిషి), పెట్రోలు అన్నీ కలిపి 2,400 రియల్స్. నలుగురం పంచుకుంటే మనిషికి 600, అంటే 9,600 రూపాయలు. కిలోమీటర్ల లెక్క లేదు. గదిలో మనిషి వాటా 550 కలిపినా 1,150 రియల్స్, 18,400 రూపాయలు. కట్టేసిన పడవలో ఇచ్చిన 41 వేలలో సగం కూడా కాదు.

ఆ పైలట్ వయసు యాభై పైన ఉంటుంది. ఇక్కడి పైలట్లలో చాలామందిలాగే ఒకప్పుడు చేపల వేటకొచ్చే టూరిస్టులని తిప్పినవాడు. ఇంగ్లిష్ రాదు, మాకు పోర్చుగీసు రాదు. ఫోన్‌లో అనువాదం ఆప్ ఉంది గానీ నది మీద సిగ్నల్ లేదు. చేతులతోనే మాట్లాడుకున్నాం. బయల్దేరగానే అక్క వైపు చూసి, ఇసుక తిన్నె చూపించి, రెండు గంటలకోసారి ఆపుతానని వేళ్లతో చెప్పాడు. ముందు తను దిగి, పాదముద్రలు చూసి, అటు తిరిగి నిలబడేవాడు. ఆ పూట నుంచి అక్క నీళ్లు తాగింది, నవ్వింది, బావగారితో గొడవ కూడా పెట్టుకుంది. అంటే బాగున్నట్టే.

రేడియో ఉంది, కానీ దాని వెంట పడలేదు. ఎన్‌కాంట్రో దాస్ ఆగ్వాస్ పార్కులో కుయాబా నది నుంచి పక్క పాయల్లోకి మళ్లి, మోటారు ఆపేసి, ప్రవాహానికి వదిలేసేవాడు. కాపిబరాలు ఒక్కసారిగా కుక్కల్లా మొరిగి నీళ్లలో దూకితే ఒడ్డున ఏదో ఉన్నట్టు. గద్దలు వాలితే అక్కడేదో చచ్చినట్టు. అలా ఒక ఉదయం మొరుగుడు వినిపించాక చెయ్యెత్తి మమ్మల్ని కూర్చోమన్నాడు. గడ్డిలోంచి మగ జాగ్వార్ వచ్చింది. ఇక్కడివి జాగ్వార్లలోకెల్లా పెద్దవి, మగవి వంద కిలోలు దాటతాయి. అది ఒడ్డు వెంట మాతో సమానంగా నడిచింది. ఒకచోట ఆగింది. కింద నీళ్లలో కైమన్ ఒకటి ముక్కు మాత్రమే పైకి పెట్టి ఉంది. దూకడం చూశాం, తర్వాత బురద నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. బావగారి కెమెరా టకటకా కొట్టుకుంటోంది. తలెత్తేసరికి కైమన్ తల వెనక భాగం జాగ్వార్ నోట్లో ఉంది. గొంతు కాదు, పుర్రె కొరుకుతుంది. పిల్లిజాతిలో దాని దవడ బలం వేరు. తన బరువులో సగముండే దాన్ని నిటారు ఒడ్డు మీదికి ఈడ్చుకుపోయింది. పైలట్ అప్పుడు రేడియో తీసి మిగతా బోట్లకి చెప్పాడు. అవి వచ్చేసరికి మేం వెనక్కి జరిగి చోటిచ్చాం.

నాకైతే జాగ్వార్ కన్నా జెయింట్ ఆటర్లు అనే పెద్ద నీటికుక్కలే ఎక్కువ నచ్చాయి. మనిషంత పొడవుంటాయి, కుటుంబం మొత్తం కలిసి వేటాడుతుంది, చేపని చేతులతో పట్టుకుని తల నుంచి కరకరా నమిలేస్తాయి, నమిలేటప్పుడూ అరుస్తూనే ఉంటాయి. మా పెళ్లిళ్లలో రెండో పంక్తి ఇలాగే ఉంటుందని మా ఆయన అన్నాడు.

పోసాదాలో వంట మనిషి ఒకావిడ. శాకాహారం అనగానే వేరే గిన్నెలో బీన్స్ ఉడికించింది. కర్రపెండలం వేపుడు, గుమ్మడికాయ కూర, అన్నం, పైన చల్లుకోవడానికి కర్రపెండలం పిండితో చేసే ఫరోఫా. అక్క కందిపొడి ఆవిడకి రుచి చూపించింది, ఆవిడ డబ్బా ఖాళీ చేసింది. బావగారు పిరాన్యా సూప్ తాగారు. ముళ్లు వడగట్టేసిన పులుసు, పర్వాలేదు. కానీ తిరుగు ప్రయాణంలో కుయాబాలో 'మొజికా', అంటే పింటాడో అనే మచ్చల జెల్ల చేపని కర్రపెండలంతో కలిపి చేసే కూర, తిన్నాక గోదావరి వాలుగ పులుసు గురించి కాసేపు మాట్లాడలేదాయన. 68 రియల్స్, ఇద్దరికి సరిపోయింది.

బట్టల విషయం. బ్రెజిల్ అంటే ఎండ అనుకుని కాటన్ మాత్రమే పట్టుకెళ్లకండి. దక్షిణం నుంచి చలిగాలి వస్తే ఒక్క రాత్రిలో ఇరవై డిగ్రీలు పడిపోతుంది. అక్క ఎందుకైనా మంచిదని తెచ్చిన మంకీ క్యాప్ చూసి మొదట నవ్విన బావగారే మర్నాడు బోటులో అడిగి తీసుకున్నారు.

ఒడ్డున అక్కడక్కడా నల్లగా మాడిన మానులు కనిపిస్తాయి. 2020లో పాంటనాల్‌లో నాలుగో వంతుకు పైగా తగలబడింది, ఈ పార్కులో ఎక్కువ భాగం కాలిపోయింది. 2024లో మళ్లీ పెద్ద మంటలొచ్చాయి. ఎండాకాలం ముదిరే కొద్దీ జాగ్వార్లు బాగా కనిపిస్తాయి గానీ పొగ భయమూ పెరుగుతుంది. సెప్టెంబరు చివర్లో వెళ్లేవాళ్లు టికెట్లు మార్చుకునే వీలుండేలా కొనండి.

పడవ కట్టేసి ఉండాలా, కదలాలా అన్నది చివరికి మీ ఇష్టం. కదిలే పెద్ద బోట్లు ఉన్నాయి, కాసెరెస్ వైపు, కొరుంబా వైపు పరాగ్వే నది మీద తిరుగుతాయి, వాటిలో చాలావరకు చేపల వేట వాళ్లకి. జంతువుల కోసమైతే మంచం మీద పెట్టే డబ్బు చిన్న బోటు మీద పెట్టండి. బుక్ చేసేముందు బోటుకి ఎంతమంది, పెట్రోలు పరిమితి ఎంత, ఎన్ని గంటలకోసారి ఆపుతారు, ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. జవాబులో 'అనుభూతి' లాంటి మాటలుంటే వదిలేయండి.

వాడని ఆఖరి రాత్రికి, రాసిచ్చి తిప్పని నదులకి రిఫండ్ అడుగుతూ ఇంటికొచ్చాక మా ఆయన మెయిల్ పెట్టాడు. మూడు వారాలకి జవాబొచ్చింది. డబ్బు కాదు, వచ్చే ఏడాది బుకింగ్ మీద 10 శాతం డిస్కౌంట్ కూపన్. జనవరి, మార్చి మధ్య మాత్రమే చెల్లుతుందట. అప్పుడు వరద కాలం, ట్రాన్స్‌పాంటనేరా చాలాచోట్ల నీళ్లలో ఉంటుంది.