కౌంటర్లు తీసేయని బ్యాంకు: లండన్‌లో ద నెడ్ హోటల్

ఆంధ్రా బ్యాంకులో 34 ఏళ్లు పనిచేశాను. అందులో చాలా ఏళ్లు స్ట్రాంగ్‌రూం తాళాల్లో ఒక జత నా దగ్గరే ఉండేది, ఇంకో జత హెడ్ క్యాషియర్ దగ్గర. ఇద్దరం కలిస్తేనే తలుపు తెరుచుకునేది. 2020 ఏప్రిల్ 1న మా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయి బోర్డు మారిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇదంతా తెలిసే లండన్‌లో ఉన్న మా అమ్మాయి నాకూ, మా ఆవిడకూ ఒక రాత్రికి ద నెడ్‌లో రూం తీసింది.

పౌల్ట్రీ అనే వీధిలో, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు రెండడుగుల దూరంలో ఉందీ హోటల్. ఒకప్పుడు మిడ్‌ల్యాండ్ బ్యాంకు హెడ్డాఫీసు. 1924లో పని మొదలైతే పూర్తయ్యేసరికి 1939 వచ్చింది. డిజైన్ చేసింది ఎడ్విన్ లట్యెన్స్. మన రాష్ట్రపతి భవన్, ఢిల్లీలో ఏడో నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌస్ కూడా ఆయనవే. ఆయన ముద్దుపేరు నెడ్, హోటల్‌కు అదే పెట్టారు. మిడ్‌ల్యాండ్ బ్యాంకును 1992లో హెచ్‌ఎస్‌బీసీ కొనేసింది. ఆ తర్వాత కొన్నేళ్లు ఖాళీగా పడున్న ఈ భవనం 2017లో హోటల్‌గా తెరుచుకుంది.

లోపలికి అడుగుపెట్టగానే బ్యాంకింగ్ హాలు. ఆకుపచ్చ రాతి స్తంభాలు 92 ఉన్నాయి, ఆ రాయి ఆఫ్రికా నుంచి తెచ్చిందట. నా కళ్లు మాత్రం ముందు కౌంటర్ల మీదే పడ్డాయి. వాల్‌నట్ చెక్కతో చేసిన పాత కౌంటర్లను అలాగే ఉంచి, వాటి మధ్యలోనే రెస్టారెంట్లు పెట్టారు. క్యాష్ పేమెంట్లు జరిగిన చోట ఇప్పుడు కాఫీ కప్పులు పెడుతున్నారు. ఆ చెక్క మీద చెయ్యి వేసి కాసేపు నిలబడిపోయాను. ఈ కౌంటర్ వెనక కూర్చుని సాయంత్రం లెక్క కుదరక టెన్షన్ పడినవాళ్లు ఎంతమంది ఉంటారో!

హాలు మధ్యలో స్టేజీ మీద రాత్రిళ్లు పాటలు పాడతారు. హడావుడి, జనం, వెలుగులు. పెళ్లివారి విడిది ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. ప్రశాంతంగా మాట్లాడుకుంటూ తినాలంటే పొద్దున టిఫిన్ వేళకు రండి. రూములు మొత్తం 250. పాత ఆఫీసు గదుల్ని 1930ల నాటి తరహాలో అలంకరించారు. మంచం మెత్తగా, ఎత్తుగా ఉంది, నిద్ర బాగా పట్టింది. రూముల సంగతి ఇంతకంటే చెప్పను, ఎందుకంటే అసలైంది కింద ఉంది.

అది స్ట్రాంగ్‌రూం. ఇప్పుడు బార్. తలుపు గుండ్రంగా, 2 మీటర్ల వెడల్పుతో, 20 టన్నుల బరువుంటుందట. దాన్ని తీసేయలేదు, రంగు వేసి కప్పేయలేదు. లోపల గోడల నిండా 3,000కు పైగా లాకర్లు, స్టీలు తళతళలాడుతూ.

"ఏమండీ, మీ బ్రాంచిలో ఎన్ని లాకర్లుండేవి?" అని అడిగింది మా ఆవిడ.

"నూట ఇరవై," అన్నాను. వాటిలో ఏ నంబరు ఎవరిదో ఇప్పటికీ చెప్పగలను.

నేను మందు తాగను. సోడాలో నిమ్మరసం పిండించుకుని గంటసేపు అక్కడే కూర్చున్నాను. పేరు పోయినా, ఇది బ్యాంకేనని గోడలు చెబుతూనే ఉన్నాయి. మన దగ్గర ఇలాంటి పాత బ్యాంకు భవనాలకు ఈపాటి గౌరవం దక్కితే ఎంత బాగుండు!

ధర ఎక్కువే, మా అమ్మాయి చెప్పలేదు గానీ నేను చూశాను. ఉండలేకపోయినా కింద హాల్లో టీ తాగడానికి ఎవరైనా వెళ్లొచ్చు. బ్యాంక్ అనే మెట్రో స్టేషన్‌లో దిగితే అక్కడే. బయటికొచ్చాక భవనం మూలన తల ఎత్తి చూడండి, బాతును పట్టుకున్న పిల్లవాడి బొమ్మ కనిపిస్తుంది. పూర్వం ఆ వీధిలో కోళ్లు, బాతులు అమ్మేవారు, దానికి గుర్తు.