999కే కొరియన్ డ్రామాలన్నీ తెలుగులో అంటే నమ్మకండి, నా డబ్బు పోయింది

కొరియన్ డ్రామాలు చూసేవాళ్లందరికీ, ముఖ్యంగా ఇంట్లో అమ్మకో అత్తయ్యకో తెలుగులో చూపించాలని వెతుకుతున్నవాళ్లకి ఈ పోస్ట్. "999 కడితే ఏడాదంతా కొరియన్ డ్రామాలు తెలుగు డబ్బింగ్‌లో, కాన్సర్ట్ సినిమాలు ఫుల్ హెచ్‌డీలో" అని మెసేజింగ్ గ్రూపుల్లో ఒక ఆఫర్ తిరుగుతోంది. దయచేసి కొనకండి. నేను కొన్నాను. 999తో ఆగలేదు, మొత్తం 4,997 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి ఒక ఎత్తు, వాళ్లు పంపిన వీడియోలు ఇంకో ఎత్తు. అవి చూశాక రెండు రోజులు మనసు బాగాలేదు.

ఎందుకు కొన్నానో చెప్తాను. మీలో చాలామందికి ఇదే కారణం ఉండి ఉంటుంది.

2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో "వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్" వచ్చింది. వారానికి నాలుగు ఎపిసోడ్ల చొప్పున నాలుగు వారాలు, మొత్తం 16. ఈ మధ్య నేను చూసినవాటిలో దీని దరిదాపుల్లోకి వచ్చింది ఇంకొకటి లేదు. జెజు ద్వీపంలో పుట్టిన ఏసున్ అనే పిల్ల కథ, చిన్నతనం నుంచి ముసలితనం దాకా. వయసులో ఉన్న ఏసున్‌గానూ, తర్వాత ఆమె కూతురిగానూ ఐయూనే వేసింది. ఆమెని ప్రేమించే గ్వాన్‌షిక్‌గా పార్క్ బోగమ్. ఏసున్ వాళ్లమ్మ హేన్యో. అంటే సిలిండర్ గట్రా ఏమీ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకి మునిగి అబలోన్ గుల్లలు ఏరుకొచ్చే మనిషి. ఆ పాత్ర చేసిన యోమ్ హేరాన్‌కి ఆ ఏడాది కొరియాలో ఇచ్చే బేక్‌సాంగ్ అవార్డుల్లో ఉత్తమ సహాయనటి బహుమతి వచ్చింది. రాకపోతే అన్యాయం అయ్యుండేది.

అందులో ఒక సీన్ ఉంది. చిన్న ఏసున్ బళ్లో రాసిన కవిత వాళ్లమ్మ చేతికి వస్తుంది. అమ్మ ఎప్పుడూ గుల్లలు గుల్లలు అంటుంది, తుఫానొచ్చినా గుల్లలే, నాకంటే ఆ గుల్లలే ఎక్కువ అంటుంది ఆ పిల్ల. గుల్లలు అమ్మితే వచ్చే వంద హ్వాన్లేవో (అప్పటి కొరియా డబ్బు) నేనే ఇచ్చేసి అమ్మ దగ్గర ఒక్క రోజు కొనుక్కుంటాను అని రాస్తుంది. కవితలోని ప్రతి అక్షరం ఆ తల్లి గుండెల్లో దిగడం మనకి ఆమె మొహంలో కనిపిస్తుంది. ఈ సీన్ మా అమ్మకి చూపించాలని నా పట్టుదల. మా చిన్నప్పుడు అమ్మ తెల్లవారుజామునే టిఫిన్ బండి దగ్గరికి వెళ్లేది, మేం లేచేసరికి ఇంట్లో ఉండేది కాదు. మా అమ్మకి ఇంగ్లీష్ చదవడం రాదు. మొదటి రెండు ఎపిసోడ్లు నేనే పక్కన కూర్చుని సబ్‌టైటిల్స్ చదివి చెప్పాను. తర్వాత నా డ్యూటీ మారింది, కుదరలేదు. నెట్‌ఫ్లిక్స్ ప్లాన్ కూడా ఆపేశాను. ఆరు నెలలయ్యాక "ఆ పిల్ల చివరికి చదువుకుందా?" అని అమ్మ అడిగితే, తెలుగులో దొరుకుతుందేమోనని వెతకడం మొదలుపెట్టాను. మళ్లీ ఆ యాప్‌లోకి వెళ్లి ఏయే భాషల్లో ఉందో చూసుకోకుండా బయట వెతికాను. తప్పు అక్కడే జరిగింది.

అలా ఒక మెసేజింగ్ గ్రూపులో ఈ 999 ఆఫర్ ఛానల్ కనిపించింది. దాని పోస్టర్ మీద ఐయూ, పార్క్ బోగమ్ ఫొటో, పక్కనే కొరియన్ పాటల బృందం బీటీఎస్ స్టేజి ఫొటో. "తెలుగు ఒరిజినల్ ఆడియో" అని పెద్ద అక్షరాలు. మెసేజ్ పెడితే నిమిషంలో జవాబు. "అక్కా, ఈ రోజుతో ఆఫర్ అయిపోతుంది, రేపటి నుంచి 1,499." మాట చాలా మర్యాదగా ఉంది. క్యూఆర్ పంపాడు, 999 కట్టాను. తర్వాత ఇంకో లింక్ వచ్చింది. "లాగిన్ యాక్టివేట్ అవ్వడానికి ఒక రూపాయి వెరిఫికేషన్ అక్కా, వెంటనే వెనక్కి వచ్చేస్తుంది" అన్నాడు. నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకుంది, పైన ఒక రూపాయి అని కనిపించింది, పిన్ కొట్టాను.

ఆ స్క్రీన్ మీద పైన ఒక రూపాయి ఉంది నిజమే. కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి, నేను చదవలేదు. గరిష్ఠ మొత్తం 1,999. ఎన్నిసార్లు అన్నచోట "అడిగినప్పుడల్లా" అన్న అర్థం వచ్చే మాట. ఎప్పటిదాకా అన్నచోట పదేళ్ల తర్వాతి తేదీ. అంటే నేను చేసింది వెరిఫికేషన్ కాదు, ఆటోపే మ్యాండేట్. ఒకసారి పిన్ కొట్టి మ్యాండేట్ ఇచ్చేశాక, మామూలుగా 15,000 లోపు మొత్తం మళ్లీ పిన్ అడక్కుండానే కట్ అయిపోతుంది. తొమ్మిదో రోజు 1,999 పోయింది. ఇంకో ఐదు రోజులకి మళ్లీ 1,999. డబ్బు కట్ అవ్వడానికి 24 గంటల ముందు కబురు రావాలని రూల్ ఉంది, అది వచ్చింది కూడా. లోన్ ఆఫర్లు, రీఛార్జ్ మెసేజ్‌ల మధ్యలో ఇరుక్కుపోయి నా కంట పడలేదు.

ఇక వాళ్లు ఇచ్చిన సరుకు సంగతి. ఆదివారం మధ్యాహ్నం అమ్మని కూర్చోబెట్టి టీవీలో పెట్టాను. ఏసున్‌కీ, వాళ్లమ్మకీ, నాయనమ్మకీ, చేపల అంగట్లో మగవాళ్లకీ అందరికీ ఒకటే మగ గొంతు. రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ ఎలా ఉంటుందో అలా. ఏడుపులో కూడా అదే, తిట్టులో కూడా అదే. కంప్యూటర్ చేత చదివించి అతికించేశారు. వెనక సంగీతం మొత్తం పోయింది, అలల చప్పుడు పోయింది. డ్రామా కొరియన్ పేరు "పొక్‌సక్ సొగస్సుదా" అని తెరమీద పడినప్పుడు కింద తెలుగులో "పూర్తిగా మోసపోయావు" అని వచ్చింది. జెజు యాసలో ఆ మాటకి అర్థం "ఎంతో కష్టపడ్డావు" అని. సియోల్ కొరియన్‌లో చూస్తే మోసపోవడం అన్న మాటలాగే ఉంటుంది కాబట్టి మెషిన్ అదే రాసేసింది. ఒక తరం ఆడవాళ్లకి చెప్పిన కృతజ్ఞత ఆ పేరు. దాన్ని ఇలా చేస్తే నాకు కడుపు మండిపోయింది.

కవిత సీన్ కోసం కాచుకుని కూర్చున్నాను. ఏసున్ కవిత రాయడం ఉంది, వాళ్లమ్మ అది చదవడం లేదు. కట్ అయిపోయి వేరే సీన్‌లోకి వెళ్లిపోయింది. వీడియోని చిన్నది చేయడానికి ప్రతి ఎపిసోడ్‌లో మాటలు తక్కువున్న చోటల్లా కోసేశారని తర్వాత అర్థమైంది. ఈ డ్రామా ప్రాణమంతా మాటలు లేనిచోటే ఉంది కదండీ! పడవ మీద నుంచి సముద్రంలోకి దూకి గ్వాన్‌షిక్ వెనక్కి ఈదుకుంటూ వచ్చే సీన్ కూడా సగమే ఉంది. అమ్మ ఇరవై నిమిషాలు చూసి, "ఇది నువ్వు చదివి చెప్పిందేనా?" అని లేచి వెళ్లిపోయింది.

నాకు డబ్బింగ్ అంటే చిన్నచూపు ఏమీ లేదు. స్క్విడ్ గేమ్ మా ఇంట్లో తెలుగులోనే చూశాం. 2025 జూన్‌లో వచ్చిన మూడో సీజన్ కథ నాకు మొదటిదంత పట్టు ఉన్నట్టు అనిపించలేదు, పసిబిడ్డని ఆటలోకి తేవడం మరీ ఎక్కువ చేసినట్టుంది. కానీ తెలుగు గొంతుల్లో భయం ఉంది, ఊపిరి ఉంది. మనుషులు మైకు ముందు నిలబడి చేసిన పని అది. ఆ తేడా తెలిసినవాళ్లెవరూ ఈ ప్యాక్‌లోని సరుకుని డబ్బింగ్ అనరు. ఇదే ప్యాక్‌లో "క్వీన్ ఆఫ్ టియర్స్" 16 ఎపిసోడ్లకి 11 మాత్రమే ఉన్నాయి. నా ఉద్దేశంలో ఆ డ్రామా మొదటి సగం చాలా బాగుంటుంది, జ్ఞాపకం పోవడం మొదలయ్యాక సాగదీశారు. అయినా ఆఖరి ఎపిసోడ్ కొరియాలో 24 శాతం దాటి రేటింగ్ తెచ్చుకుని టీవీఎన్ ఛానల్ రికార్డు కొట్టింది. ఆ ఆఖరి ఎపిసోడే ఇక్కడ లేదు.

కాన్సర్ట్ సినిమాల విషయంలో మోసం ఇంకా దారుణం. బీటీఎస్ "యెట్ టు కమ్" సినిమాని 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో థియేటర్‌లో చూశాను. 2022 అక్టోబర్ 15న బుసాన్‌లో ఉచితంగా చేసిన కాన్సర్ట్ అది. ఆ తర్వాత రెండు నెలలకి బృందంలోని జిన్ సైన్యంలోకి వెళ్లిపోయాడు. ఇంక ఏడుగురినీ ఒక స్టేజి మీద ఎప్పుడు చూస్తామో అన్న బెంగతో హాలంతా లేచి నిలబడి పాడింది. డ్రమ్ దెబ్బ సీటులోంచి వీపుకి తగిలేది. ఈ ప్యాక్‌లో ఉన్నది ఎవరో హాల్లో కూర్చుని ఫోన్‌తో దొంగతనంగా తీసింది. తెర ఒక పక్కకి వంగి ఉంది, కింద ఎవరిదో జుట్టు ముడి, పాట వినపడదు, పక్కమ్మాయి కేకలే వినపడతాయి. సినిమా 103 నిమిషాలు, ఇది 41 నిమిషాలకే ఆగిపోయింది. ఇదే సినిమా 2023 నవంబర్‌లో ప్రైమ్ వీడియోలోకి వచ్చింది. అక్కడ చూడాల్సిన దాన్ని ఇక్కడ డబ్బిచ్చి ఇలా కొన్నాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కాన్సర్ట్ సినిమా 2024 ఏప్రిల్‌లో వచ్చిన, బీటీఎస్‌లోనే ఉన్న షుగా "డీ-డే". అందులో స్టేజి ముక్కలు ముక్కలుగా పైకి లేచిపోతూ ఉంటుంది, పాట పాటకీ ఆయన నిలబడే చోటు తగ్గిపోతూ ఉంటుంది. ఆఖరికి ఉత్త నేల మీద, చుట్టూ కెమెరాలు పెట్టుకుని ఒక్కడే పాడతాడు. ఆ ఒంటరితనం పెద్ద తెర మీద ఎలా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. ఫోన్‌తో తీసిన కాపీలో ఒక నల్లటి మచ్చ కదులుతోంది, అంతే. అదే బృందంలోని జంగ్‌కుక్ సినిమా "ఐ యామ్ స్టిల్" అయితే ఫైల్ పేరు మాత్రమే అది, లోపల యూట్యూబ్ క్లిప్పులు అతికించారు. ఇంకో సంగతి, థియేటర్‌లో ఇలా రికార్డు చేయడం నేరం. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం మూడు లక్షల జరిమానా. అలాంటి సరుకుకి మనం డబ్బు కడుతున్నాం.

ఆ ఛానల్ వాడికి ఫిర్యాదు చేస్తే "యాప్ వేసుకోండి అక్కా, అందులో క్లియర్‌గా వస్తుంది" అని ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి నేరుగా వేసుకునే యాప్ ఫైల్) పంపాడు. ఫోన్లో హానికర యాప్‌లని పట్టుకునే ప్లే ప్రొటెక్ట్ ఆపేయమన్నాడు. ఇన్‌స్టాల్ చేయబోతుంటే ఎస్ఎంఎస్‌లు చదవడానికీ, యాక్సెసిబిలిటీకీ (అంటే తెర మీదున్నవి చదివి, మన బదులు నొక్కే వీలుకి) అనుమతి కావాలంది. మా పిన్ని కొడుకు పక్కనే ఉండబట్టి సరిపోయింది, ఫోన్ లాక్కున్నాడు. సినిమా చూసే యాప్‌కి మన ఓటీపీలతో ఏం పని? ఆ ఫైల్ వేసుకుని ఉంటే ఖాతాలో ఉన్నదంతా పోయేదని వాడు చెప్పాకే నాకు చేతులు చల్లబడ్డాయి.

ఇప్పటికే కట్టినవాళ్లు ఉంటే ముందు మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అన్నచోటికి వెళ్లండి. తెలియని పేరుతో ఏదైనా ఉంటే రద్దు చేయండి, అది మీ చేతిలో పనే, ఎవరినీ అడగక్కర్లేదు. నాకు కనిపించిన పేరు ఛానల్ పేరు కాదు, ఏదో ట్రేడర్స్ అని ఉంది, కాబట్టి పేరు చూసి మోసపోకండి, తేదీ చూడండి. ఆ వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. నేను రెండోసారి కట్ అయ్యాక నాలుగు రోజులకి చేశాను, అప్పటికే ఆలస్యం అయిపోయింది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నంబర్ వచ్చింది, డబ్బు ఇంకా రాలేదు. బ్యాంకుకి కూడా రాతపూర్వకంగా ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. చాట్ స్క్రీన్‌షాట్లు ముందే తీసుకోండి. నేను గట్టిగా అడగగానే చాట్ మొత్తం రెండు వైపులా చెరిపేసి నన్ను బ్లాక్ చేశాడు, నా దగ్గర మిగిలింది క్యూఆర్ ఫొటో ఒక్కటే.

తెలుగు ఆడియో కావాలనుకునేవాళ్లు డబ్బు కట్టేముందు అసలు యాప్‌లోనే ఆ డ్రామా పేజీ తెరిచి ఆడియో, సబ్‌టైటిల్స్ లిస్టు చూడండి. నెట్‌ఫ్లిక్స్ ఫోన్ ప్లాన్ నెలకి 149, టీవీలో కూడా కావాలంటే 199. ఒక నెల కట్టి కావాల్సింది చూసేసి ఆపేసుకోవచ్చు, నేను ఇప్పుడు అదే చేస్తున్నాను. ఆదివారాలు అమ్మా నేనూ కూర్చుంటున్నాం. మళ్లీ మొదటి నుంచి, నేనే చదివి చెబుతూ. కవిత సీన్ వచ్చినప్పుడు నా గొంతు పట్టేసింది, మధ్యలో చదవలేకపోయాను. అమ్మ "చదవక్కర్లేదులే, అర్థమైంది" అని రిమోట్ తీసుకుని ఆపింది. కాసేపు అలాగే కూర్చున్నాం.

నిన్న రాత్రి మా చెల్లెలి కాలేజీ గ్రూపులో అదే పోస్టర్ కొత్త ఛానల్ పేరుతో వచ్చింది. ధర ఈసారి 799. కింద చిన్న అక్షరాల్లో "ఒక రూపాయి వెరిఫికేషన్" అని అలాగే ఉంది.