పాకాల–ధర్మవరం దారిలో: ముప్పై రూపాయల రైలు, ఐదొందల ఆటో

మదనపల్లె రోడ్డు స్టేషన్ మదనపల్లెలో లేదు. ఊరికి పది కిలోమీటర్ల పైన, అందరూ సీటీఎం అని పిలిచే చిన్నతిప్పసముద్రం దగ్గర ఉంది. తిరుపతి నుంచి అక్కడిదాకా ముగ్గురికి రైలు టికెట్లు 90 రూపాయలు. స్టేషన్ బయటి నుంచి ఊళ్ళోకి ఆటో 500. ఈ రెండు అంకెలూ గుర్తు పెట్టుకుంటే పాకాల–ధర్మవరం రైలు దారికి ఏమైందో సగం అర్థమైనట్టే.

ఈ ప్రయాణం మా మామ కోసం పెట్టుకున్నాం. మా అమ్మకి తమ్ముడు, సొంతూరు పీలేరు దగ్గర. మదనపల్లె బీటీ (బిసెంట్ థియోసాఫికల్) కాలేజీలో చదివే రోజుల్లో శనివారం సాయంత్రం మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు ఎడం ఉండే) బండెక్కి ఇంటికొచ్చి, ఆదివారం రాత్రి మళ్ళీ అదే దారిలో పోయేవాడు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. 'ఆ దారి ఇంకొక్కసారి చూపించరా అబ్బోడా' అని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. మా ఆవిడకి రైళ్ళ మీద పెద్ద ఇష్టం లేదు కానీ మామయ్య అడిగాడని బయల్దేరింది.

తెలియనివాళ్ళకి కొంచెం వెనకటి సంగతి చెప్పాలి. పెద్దలు ధాతు కరువు అని చెప్పుకునే 1876–78 కరువులో రాయలసీమ ఎండిపోయింది. ధాన్యం వేరేచోట ఉన్నా ఇక్కడికి తెచ్చే దారి లేదు. కరువు ప్రాంతాలకి రైలు దారులు వేయాలని 1880 కరువు కమిషన్ చెప్పింది. ఆ తర్వాత పన్నెండేళ్ళ లోపే, 1890ల మొదట్లో, సౌత్ ఇండియన్ రైల్వే మీటర్ గేజ్ బండ్లు పాకాల నుంచి పీలేరు, వాయల్పాడు, ములకలచెరువు, కదిరి మీదుగా ధర్మవరం దాకా నడిచాయి. మొత్తం సుమారు 227 కిలోమీటర్లు. ఇటు కాట్పాడి, అటు తిరుపతి, మధ్యలో పాకాల జంక్షన్. బొగ్గు ఇంజన్ల షెడ్డు, సిబ్బంది క్వార్టర్సు, నీళ్ళ ట్యాంకులతో పాకాల రైల్వే ఊరుగానే బతికింది. హైదరాబాద్ వైపు నుంచి వచ్చే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కూడా మీటర్ గేజ్ కాలంలో ఈ దారినే తిరుపతి చేరేదని మామ దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

దేశమంతా ఒకటే గేజ్ ఉండాలని రైల్వే 1992లో పని మొదలుపెట్టింది. వెయ్యి మిల్లీమీటర్ల పట్టాలు పీకి 1,676 మిల్లీమీటర్లవి వేయడం మంచి పనే, నేను కాదనను. కానీ ఈ దారికి ఆ పని పూర్తయ్యేసరికి 2010 వచ్చింది. పని కోసం బండ్లు ఆగిన ఆ కాలంలో జనం బస్సులకి అలవాటు పడ్డారు, సరుకు లారీలకి అలవాటు పడింది. పట్టాలు తిరిగొచ్చాయి, వెళ్ళిపోయిన జనం మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఇంత పెద్ద జంక్షనైన పాకాల ఇప్పుడు చాలామందికి కిటికీలోంచి చూసి దాటిపోయే స్టేషన్ అయింది. బండి ఆగినంత సేపూ మామ తలుపు దగ్గరే నిలబడి షెడ్డు ఎటువైపు ఉండేదో వెతికాడు. మా ఆవిడ టీ తెచ్చిస్తే చల్లారిపోయేదాకా తాగలేదు.

పాకాల నుంచి పీలేరు దాకా ప్రయాణం చాలా బాగుంది. మామిడి మండీలకి పేరున్న దామలచెరువు, ఆ తర్వాత రెండు పక్కలా కొండలు, చిట్టడవి. పట్టాలకి కొంచెం ఎడంగా అక్కడక్కడా కంపచెట్లు కప్పేసిన పాత కట్ట కనిపిస్తుంది. కొత్త దారికి వంపులు సరిచేసినప్పుడు వదిలేసినవి అవి. ఒకచోట రాతి మోరీ చెక్కు చెదరకుండా నిలబడి ఉంది, దాని మీద పట్టాల్లేవు, కింద మేకలున్నాయి. ఈ దారి చూడాలనుకుంటే పగటి బండిలో కుడి ఎడమ కిటికీలు రెండూ మారుతూ కూర్చోండి. పీలేరు దాటేలోపే మాకు చీకటి పడింది.

బండి ఆలస్యమై మదనపల్లె రోడ్డులో దిగేసరికి రాత్రి తొమ్మిదిన్నర. దిగింది పట్టుమని పదిమంది. వాళ్ళలో ముక్కాలు మందికి బైకులు సిద్ధంగా ఉన్నాయి. బస్సు లేదు. ఒకే ఒక ఆటో, ఐదొందలకి ఒక్క రూపాయి తగ్గనన్నాడు. 'తిరిగి ఖాళీగా రావాల సార్, రాత్రిపూట ఇక్కడెవరు ఎక్కతారు?' అన్నాడు. అతని మాటలో అబద్ధం లేదు. ముగ్గురిని 30 రూపాయల లెక్కన ఇక్కడిదాకా తెచ్చిన రైలుకి ఊళ్ళోకి పోయే బస్సుతో ఏ సంబంధమూ లేకపోవడమే నా బాధ. మామ చదువుకునే రోజుల్లో బండి టైముకి బస్సు వచ్చి నిలబడేదట.

అసలు మోసం ఊళ్ళో జరిగింది. బస్టాండుకి దగ్గరలో ఒక లాడ్జి, ఫోన్‌లో 899 రూపాయలకి బుక్ చేశాం. కౌంటర్ దగ్గర కుర్రాడు 'ఆ రేటు మాకు పడదు, పాత రేటు' అన్నాడు. డబ్బు ముందే కట్టిన మెసేజ్ చూపించినా వినలేదు. మూడో మనిషికి పరుపు 300, ఏసీ రిమోట్ కావాలంటే 250, ఇవి కాక 500 డిపాజిట్. రాత్రి పది దాటింది, మామకి కాళ్ళు వాచాయి, ఇంకో చోటు వెతికే ఓపిక ఎవరికీ లేదు. అది వాడికీ తెలుసు.

గదిలో దుప్పటి మీద ఎవరిదో తల నూనె మరక. బాత్‌రూం తలుపుకి గడియ లేదు, ప్లాస్టిక్ తాడు కట్టారు. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా వేడినీళ్ళని గోడ మీద పెద్ద అక్షరాల్లో రాశారు. ఆరున్నరకి ఫోన్ చేస్తే మోటార్ చెడిపోయిందన్నారు. తొమ్మిదింటికే తలుపు కొట్టి ఖాళీ చేయమన్నారు. బుకింగ్‌లో మాత్రం పన్నెండు అని ఉంది. డిపాజిట్‌లో 150 పట్టుకుని, తువ్వాలు మీద మరక పడిందన్నారు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మామ ఆ 150 కోసం కౌంటర్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నలభై నిమిషాలు కదల్లేదు. మిగతావాళ్ళు చూస్తుంటే చివరికి ఇచ్చారు. మదనపల్లెలో ఉండాలంటే గది చూసి, రేటు కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే డబ్బివ్వండి. ముందే ఫోన్‌లో కట్టొద్దు.

తిరుగు ప్రయాణం రోడ్డు మీదే, ఆగుతూ వచ్చాం. టాగూర్ 1919లో 'జనగణమన'ని ఇంగ్లీషులోకి మార్చింది బీటీ కాలేజీలో ఉన్నప్పుడే. మామ గేటు బయట ఫొటో దిగాడు, అయిపోయింది. వాయల్పాడులో పట్టాభిరాముడి దర్శనం హాయిగా జరిగింది.

కలికిరి దగ్గర, రోడ్డు పక్కన రేకుల కింద ఒక పెద్దామె నడిపే హోటల్లో తిన్న తిండి మాత్రం ఈ ప్రయాణంలో అన్నిటికంటే మేలు. రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి, వంకాయ పులుసు, ఉల్లిపాయ. మనిషికి 60 రూపాయలు. నాటుకోడి పులుసు కావాలంటే ఇంకో 120. ఊరిబిండి అప్పుడే రోట్లో నూరింది, పచ్చిమిరపకాయ ఘాటు ముక్కుకెక్కింది. రాత్రి నుంచి మొహం ముడుచుకున్న మా ఆవిడ రెండో ముద్ద అడిగి తింది. డబ్బులు తీసుకోకుండానే మూడోసారి పులుసు పోసింది ఆ పెద్దామె. వాళ్ళాయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేశాడట. హోటల్ పందిరికి మధ్యలో నిలబెట్టిన గుంజ పాత మీటర్ గేజ్ పట్టా ముక్క. మామ దాన్ని చేత్తో తట్టి, 'ఇది ఎక్కడిది తల్లీ?' అని అడిగాడు. 'పట్టాలు పీకినప్పుడు కాంట్రాక్టరు దగ్గర కొన్నాం నాయనా' అంది. ఆ తర్వాత అలాంటి ముక్కలు చాలాచోట్ల కనిపించాయి. తోటకి కంచె గుంజలుగా, బావి మీద దూలంగా, ఒక ఇంటి ముందు ఆవుల్ని కట్టేసే రాటగా.

ఈ దారికి కావాల్సింది జాలి కాదు, బండ్లు. తిరుపతి–పాకాల–కాట్పాడి 104 కిలోమీటర్లకి రెండో లైను వేయడానికి కేంద్రం 2025 ఏప్రిల్‌లో ఒప్పుకుంది, ఖర్చు సుమారు 1,332 కోట్లు. సంతోషమే. యాత్రికులు పెరిగారు, వేలూరు ఆస్పత్రికి పోయేవాళ్ళు ఆ దారి మీదే ఆధారపడ్డారు. అదే పాకాలలో ధర్మవరం వైపు తిరిగే లైను మీద రోజుకి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని బండ్లు. టమోటాకి దేశమంతా పేరున్న మదనపల్లె మార్కెట్ నుంచి సరుకంతా లారీల్లోనే పోతోంది. కరువులో గింజలు మోయడానికి వేసిన దారి మీద పంట ఎక్కడం లేదు. బండి టైముకి సీటీఎం నుంచి ఊళ్ళోకి ఒక్క ఆర్టీసీ బస్సు వేస్తే నాలాంటివాళ్ళు వారం వారం ఈ రైలే ఎక్కుతారు. ఈ మాటే మామ తన చేత్తో అర్జీ రాసి, ఒకటి గుంతకల్ రైల్వే డివిజన్ ఆఫీసుకి, ఒకటి బస్సు డిపోకి రిజిస్టర్ పోస్టులో పంపాడు.

పీలేరు నుంచి భాకరాపేట ఘాట్ మీదుగా బస్సులో తిరుపతి చేరాం. ఇబ్బంది లేదు, సీట్లు దొరికాయి. ఎవరైనా ఈ దారి చూడాలనుకుంటే పగటి బండి చూసుకుని పీలేరు దాకా రైల్లో పోండి, అక్కడ దిగి బస్సులో కలికిరి వెళ్ళి సంగటి తిని, చీకటి పడకముందే వెనక్కి రండి. మదనపల్లె రోడ్డు దాకా పోవాల్సిందే అంటే మాత్రం స్టేషన్‌కి ఎవరినైనా బండితో రమ్మని ముందే చెప్పి పెట్టుకోండి.